తొంభై తొమ్మిది దగ్గర ఆగాలి

నలభై వేలమందిని ఒంటిచేత్తో లేపి నిలబెట్టగల మొనగాడు దేశం మొత్తానికి ఒక్కడే ఉన్నాడని రోరీ ట్రెవీనా గట్టి నమ్మకం. ఆ ఒక్కడూ తనే. ఒక రకంగా అబద్ధమేం కాదు. ఓవల్ మైదానం స్కోరుబోర్డు లోపల బ్యాట్స్‌మన్ పరుగుల చక్రం అతని చేతిలో ఉంది. అతను పిడి తిప్పితే మూడు నాలుగవుతుంది, జనం చప్పట్లు కొడతారు. కాకపోతే ఆ పనిలో చేరి మూడు వారాలే. రెండో రోజునే ఒక బౌలర్ పేరుపలకని తలకిందులుగా తగిలించి, టీవీ ముందు కూర్చున్న ఊరందరికీ నవ్వులు పంచాడు.

ఆ బోర్డు నాలుగంతస్తుల చెక్క మేడ. వయసు నూరు దాటింది. దాని చుట్టూ పాత స్టాండ్లు కూలాయి, కొత్తవి లేచాయి. ఇప్పుడు పిచ్‌ని కూడా ఎక్కడో పెంచి, లారీ మీద తెచ్చి దించుతున్నారు. చలి మొదలవగానే దాన్ని పెకలించి ఫుట్‌బాల్ స్తంభాలు పాతుతారు. బోర్డుని మాత్రం ఎవరూ కదపలేదు. పాతదన్న గౌరవం కాబోలని బయటివాళ్ళు అనుకుంటారు.

బయట ఎండ మండిపోతున్నా లోపల చీకటే. నిచ్చెనలు, ఇనుప చక్రాలు, వాటికి చుట్టిన అంకెల గుడ్డలు. గ్రీజు వాసన, పావురాల రెట్ట వాసన, వాటి అడుగున ఎప్పుడూ ఒక తడి వాసన. నది పక్కనే కదా అని రోరీ పట్టించుకునేవాడు కాదు.

పై అంతస్తులో నెవ్ పెంగెల్లీ ఉంటాడు. బోర్డుకి పెద్ద. అరవై ఎనిమిదేళ్ళు. కుడిచేతికి రెండు వేళ్ళు లేవు. ఫుట్‌బాల్ ఆడే రోజుల్లో పోయాయంటాడు. పైనుంచి అంపైర్ సైగలు చూసి, ఇత్తడి గొట్టంలోంచి కిందికి మాట చెబుతాడు.

ఆ శనివారం నాలుగింటికి గొట్టం పలికింది.

"ఒరేయ్, జేగర్ తొంభై తొమ్మిదికొచ్చాడు. ఏం చెయ్యాలో గుర్తుందా?"

"చెక్క మీద రెండుసార్లు తట్టాలి. నువ్వు 'తిప్పు' అనేదాకా పిడి ముట్టుకోకూడదు. ఆల్బీకి టీ కూడా పెట్టమంటావా పెద్దాయనా? పంచదార ఎన్ని చెంచాలో కనుక్కో."

"నోరు ముయ్యి. సైలస్ కూడా నీలాగే వాగేవాడట."

ఆ కథ రోరీకి మొదటి రోజే చెప్పారు. తొంభై ఏళ్ళ కిందట ఆల్బీ కెర్నిక్ అనే ఆటగాడు ఇక్కడే తొంభై తొమ్మిది మీద ఉన్నాడు. బంతి ప్యాడ్‌కి తగిలింది, పరుగు తీశాడు. చక్రం దగ్గరున్న సైలస్ హాకింగ్ సైగ కోసం ఆగకుండా వంద తిప్పేశాడు. జనం లేచారు. ఆల్బీ టోపీ తీశాడు. అది లెగ్ బై, బ్యాటుకి తగల్లేదు కాబట్టి పరుగు అతని లెక్కలోకి రాదని అంపైర్ చెప్పేసరికి మనిషి ముఖం చెల్లలేదు. తర్వాతి బంతికి బౌల్డ్. ఇంగ్లండులో ఆడటానికి వెళ్ళే జట్టు ఓడలో అతనికి చోటు దక్కలేదు. ఆ చలికాలమే నదిలో శవమై తేలాడు. పిడి జారిందని సైలస్ అందరితో చెప్పుకున్నాడు. మళ్ళీ వేసవిలో బోర్డు తలుపు తెరిచినవాళ్ళకి సైలస్ కనిపించాడు. చక్రం ముందు కూర్చుని ఉన్నాడు. మోచేతిదాకా చెయ్యి చక్రంలో ఉంది. గుడ్డ మీద తొంభై తొమ్మిది.

కొత్తవాళ్ళని బెదిరించడానికి బానే అల్లారు అనుకున్నాడు రోరీ.

అతని తలనిండా టీగన్ ఉంది. ఎదుటి గడ్డిమిట్ట మీద కూర్చుంది. పొద్దున ఆమెతో పెద్ద కోత కోశాడు. "జేగర్ సెంచరీ దగ్గరకొచ్చినప్పుడు బోర్డు చూడు. నీకోసం గ్రౌండంతా లేపి నిలబెడతా."

జేగర్‌కి ముప్పై మూడేళ్ళు. ఇది అతని ఆఖరి మ్యాచ్. సొంత గ్రౌండులో ఒక్క సెంచరీ లేదు.

ఓవర్ చివరి బంతి. ప్యాడ్‌కి తగిలి పక్కకి పోయింది. ఒక పరుగు. పలకల మధ్య చీలికలోంచి చూస్తున్న రోరీకి అంపైర్ కాలు తట్టుకోవడం స్పష్టంగా కనిపించింది. లెగ్ బై. అయినా... చెయ్యి దురద పెట్టింది. ఒక్క నిమిషం. మళ్ళీ వెనక్కి తిప్పేస్తే సరి.

తిప్పాడు.

నలభై వేలమంది లేచారు. జేగర్ బోర్డు చూసి, హెల్మెట్ తీసి, బ్యాటు ఎత్తాడు. అంపైర్ అతని దగ్గరికి నడిచి ఏదో అన్నాడు. ఎత్తిన బ్యాటు మెల్లగా దిగింది.

తర్వాతి బంతికి బౌల్డ్.

"ఎవర్రా తిప్పింది?" గొట్టంలో నెవ్ కేక.

"పిడి జారింది."



ఆట ముగిసింది. మిగతావాళ్ళు దిగిపోయారు. నిజం చెబితే రెండేళ్ళు బతిమాలి సంపాదించిన పని పోతుంది. జారిందనే చెబుదాం అనుకుంటూ, రోరీ అంకెని సున్నాకి తేవడానికి పిడి పట్టుకున్నాడు.

పిడి చల్లగా ఉంది. నలభై డిగ్రీల ఎండలో... తడిగా, చల్లగా.

చెక్క మీద ఎవరో తట్టారు. రెండుసార్లు.

"నెవ్?"

గొట్టంలోంచి నీటిబొట్టు రాలింది. ఇంకొకటి. ఆ వెనకే, నోటినిండా నీళ్ళున్నవాడి గుసగుస.

"ఎవరు... తిప్పారు?"

"జా... జారింది."

చక్రం కదిలింది. దానంతటదే. గుడ్డ అతని చొక్కా చేతిని పట్టింది. లాక్కున్నాడు. రాలేదు. వేళ్ళు ఇనుముకి ఆనాయి.

"ఎవరు తిప్పారు?"

"జారిందయ్యా, ఒట్టు..."

పళ్ళచక్రం ఇంకో పన్ను తిరిగింది. మణికట్టు లోపలికి పోయింది. ఎముక మీద బరువు. చీలికలోంచి వెలుతురు. బయట పిల్లలు నవ్వుకుంటూ ఇళ్ళకి పోతున్నారు. అరిచాడు. ఎవరూ తల తిప్పలేదు.

"నేనే! నేనే తిప్పాను! తొందరలో... పొరపాటున!"

చక్రం ఆగింది. వదిలింది. కానీ గొట్టంలో ఊపిరి మాత్రం ఆగలేదు... ఇంకేదో వినాలన్నట్టు.

నిచ్చెన ఎలా దిగాడో అతనికే తెలియదు.

గేటు దగ్గర టీగన్ ఫోను చూపించింది. "నీ పేరు కూడా పెట్టేసుకున్నావే, సిగ్గులేనోడా!"

సాయంత్రపు ఎండలో బోర్డు ఫొటో. తర్వాత ఆడాల్సినవాళ్ళ వరసలో, తెల్లరంగుతో, ఆర్. ట్రెవీనా. ఎదురుగా తొంభై తొమ్మిది.

తెల్లారగానే నెవ్‌ని చక్రం దగ్గరికి లాక్కొచ్చి అంతా చెప్పాడు. ఆ పలక అక్కడ లేదు. నెవ్ తిట్టలేదు.

"ఎందుకు తిప్పావో కూడా ఆల్బీకి చెప్పావా?"

"తొందరలో అన్నాను."

నెవ్ తన కుడిచెయ్యి వెలుతురులో పెట్టాడు. మూడు వేళ్ళు. "నేనూ సగమే చెప్పానురా. ఫుట్‌బాల్‌లో కాదు పోయింది. మిగతాది చెప్పెయ్."

రోరీ గొట్టం దగ్గర నోరు పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అంపైర్ సైగ చూశాను. చూసే తిప్పాను. టీగన్ కోసం. జేగర్‌కి కూడా ఇవాళ చెబుతాను. ఇంకోటి... అప్పుడు ఆమె బోర్డు వైపు చూడనే లేదు. మాంసం కూరిన రొట్టె కొనుక్కోవడానికి వరసలో నిలబడిందట. ఇటు వీపు పెట్టి. ఆ రొట్టె కూడా అయిపోయిందని ఉత్తచేతులతో తిరిగొచ్చిందట."

నెవ్ నవ్వు ఆపుకోలేక ముఖం తిప్పుకున్నాడు.

అప్పుడే గొట్టంలోంచి, పై అంతస్తు నుంచి, తడిగా ఒక్క మాట దిగింది.

"తిప్పు."

నెవ్ నవ్వు ఆగిపోయింది. పై అంతస్తు తాళం ఇంకా తియ్యనే లేదు. తాళంచెవి అతని మూడు వేళ్ళ మధ్యే ఉంది.