నూరో పిట్ట పేరు

"గుర్రం అబ్బాయ్! కళ్లెక్కడ పెట్టుకున్నావ్? నా పిట్టని ఎగరగొట్టేశావు!"

గుర్రం మీద వస్తున్న నాతో ఐపెరి అన్న మొదటి మాట ఇదే. సోన్‌కోల్ సరస్సు ఒడ్డున గడ్డిలో బోర్లా పడుకుని ఉంది. చేతిలో నోటుబుక్కు. ఈ వేసవి అయ్యేలోగా మేతకొండల మీద నూరు రకాల పిట్టల్ని చూసి తీరుతానని తనతో తానే పందెం వేసుకుందట.

"గొర్రెల్ని కాసుకోక పిట్టలెందుకు?" అన్నాను.

"నీ మొహం చూడ్డం కన్నా నయం కదా, తిలెక్."

నా పేరు అప్పటికే ఎవర్నో అడిగి తెలుసుకుంది! ఆ రోజు నుంచి సాక్షిని నేనే. షరతూ నాదే: కనబడగానే పేరు గట్టిగా చెప్పాలి, లేకపోతే లెక్కలోకి రాదు. చక్రవాకాన్ని అరిచి చెప్పింది. పట్టెతల బాతుని అరిచి చెప్పింది. జూలై వానలో ఒకే దుప్పటి కింద ముప్పై ఏడో పిట్ట కోసం కాచుకున్నాం. అది రాలేదు. నాకేం బాధ కలగలేదు.

ఆగస్టు చివరికి తొంభై తొమ్మిది. మర్నాడే మందలు దిగిపోతాయి. వాళ్లది అట్‌బాషీ దారి, మాది కోచ్కోర్ దారి. ఊరి మీటింగుల్లో గొంతు చించుకునే నేను ఆమెకి చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాను.

ఆ మధ్యాహ్నం రాతిగుట్ట మీంచి తెల్లటి డేగ దూసుకొచ్చింది. షుంకార్! మా భాషలో చంటిపిల్లలకీ తెలిసిన పిట్ట పేరు.

ఐపెరి నోరు తెరిచింది. మూసేసింది.

"చెప్పవేం? పేరు!"

"అదే... పైన వేగంగా పోయేది."

"అదేం పేరు?"

"తెల్లగా ఉంది చూడు, అది."

"తెలీకపోతే ఓడిపోయానని ఒప్పుకో!"

"ఒప్పుకున్నా." పుస్తకం మూసేసింది. మొహం ఎర్రబడింది. డేగ గుట్ట దాటిపోయింది.

నాకు ఒళ్లు మండింది. "వేసవంతా ఎండలో కమిలిపోయావు! ఒక్క మాట అంటే గెలిచేదానివి!"

ఐపెరి గడ్డి పీకుతూ అంది: "మీ వదిన అంటుందా ఆ మాట?"

అనదు. మా నాన్న పేరు షుంకార్. మా వైపు కోడళ్లు మామగారి పేరు పలకరు. ఆరేళ్లుగా మా వదిన ఆ డేగని "వేగంగా పోయేది" అనే అంటోంది. ఆడవాళ్ల నోటికి ఈ తాళమేమిటని నేను ఊరూరా తిట్టిన ఆచారమే అది.

కానీ ఐపెరి మా ఇంటి కోడలు కాదే...

అప్పుడు వెలిగింది.

"ఐపెరీ! నేను ఈ ఆచారానికి వ్యతిరేకిని!"

"తెలుసులే ఉపన్యాసాల రాయుడా. నువ్వు చెబుతావని వేసవంతా చూశాను. నీ నోరు మీటింగులకే పనికొస్తుందని తేలిపోయింది. అందుకే నా నోరు నేను మూసుకుని చెప్పాను."

"నూరో పిట్ట పోయింది కదా!"

"పోనీ. నువ్వు పోకుండా ఉంటే చాలు."

ఆమె పక్కన గడ్డిలో కూర్చున్నాను. "పెళ్లయ్యాక కూడా ఇలాగే నోరు మూసుకుంటావా?"

"నేనా? ఇవాళ ఒక్కరోజే! పెళ్లయ్యాక మీ నాన్నని పేరు పెట్టి కొండంతా వినబడేలా పిలుస్తాను. నీ మీద ఫిర్యాదులు చెప్పుకోవద్దూ?"