రాతి గడ్డం

ఈ సంగతి నాకు మొట్టమొదట చెప్పింది మా వీధి చివరి మంగలి. అతనికి వంద లోపాలున్నాయి. నా గడ్డం మీద రెండు గాట్లు పెట్టాడు, నేనింకా మరిచిపోలేదు. కాని అబద్ధం మాత్రం చెప్పడు. తర్వాత నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకున్నారు. అవి పట్టించుకోకండి.

అతని షాపు ఎదురుగా, రోడ్లు కలిసేచోట, ఫైరింజను మనిషి విగ్రహం ఉంది. గోడౌను తగలబడినప్పుడు కూలీలను ఒక్కొక్కరినే బయటికి లాగి, తను మాత్రం బయటికి రానివాడు. పోయినవాడికి నల్లరాతితో నిలువెత్తు గుర్తు పెట్టారు, బాగానే ఉంది. మరి బతికున్నవాళ్లు దాన్నేం చేశారు? మెడకు తాడు కట్టి బ్యానర్లు లాగారు. చేతికి హెల్మెట్లు తగిలించారు. నెత్తిన పావురాలు. బస్సు కోసం నిలబడ్డ ప్రతివాడికీ ఉమ్మడానికి అదే చోటు. పోస్టర్లు అంటించేవాళ్లు నిచ్చెన మీదినుంచే మైదా జిగురు బ్రష్షుని ఆ గడ్డానికి తుడిచేవారు. ఎండ ఎక్కిందంటే పులిసిన కంపు, ముక్కు మూసుకున్నా గొంతులోకి దిగేది.

ఇంతా చేసి, ఆ మొహం పోయినవాడిది కాదు. విగ్రహం కంట్రాక్టు తీసుకున్న పెద్దమనిషి, పోయినవాడి ఇంటికి వెళ్లి ఒక ఫొటో అడగడానికి బద్ధకించి, తన బావమరిదిని తీసుకొచ్చి శిల్పి ముందు కూర్చోబెట్టాడు. ఆనాటినుంచి అతను ఊరందరికీ బావమరిదే. విగ్రహం కింద కూర్చుని, కొత్తవాళ్లు కనబడితే మొహం పక్కకు తిప్పి పోలిక చూపించేవాడు. వేరే పనీ పాటా లేదు. ఆ మొహమే అతని ఉద్యోగం.

పోయినవాడి తల్లి రోజూ పొద్దున్నే వచ్చి, తడిగుడ్డతో విగ్రహం కాళ్లు తుడిచి వెళ్లేది. తలెత్తేది కాదు. ఎందుకని మంగలి అడిగితే, "కాళ్లు మావాడివే అనుకుంటాను నాయనా. పైకి చూస్తే ఆ అనుకోవడం కూడా పోతుంది" అందట.

ఒకరోజు ఆవిడ సంచిలోంచి ఫొటో తీసి, తలెత్తకుండానే బావమరిది చేతిలో పెట్టింది. కొడుకుది అదొక్కటే ఉంది. మీ బావగారికి చూపించి ఆ మొహం మార్పించు బాబూ అని బతిమాలింది. దానికేం భాగ్యం అన్నాడు. ఆవిడ మలుపు తిరగ్గానే మురిక్కాలువలోకి విసిరేశాడు. మంగలి గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాడు. విగ్రహం మొహం మారిస్తే బావమరిదికి మిగిలేదేముంది మరి!

మర్నాడు నిద్ర లేచేసరికి అతని చెంప మీద చల్లగా ఏదో జారుతోంది. వేలితో తీసి చూశాడు. ఉమ్ము. పొగాకు కంపు. ఇంట్లో ఎవరికీ ఆ అలవాటు లేదు. పెళ్లాం మీద విరుచుకుపడితే ఆవిడ తిరిగి రెట్టింపు అక్షింతలు వేసింది. ఇంకోనాడు కనుబొమల మధ్య పావురం రెట్ట, ఇంకా వెచ్చగా. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. సబ్బు అరిగేదాకా కడిగినా, ముద్ద నోటిదాకా వచ్చేసరికి అదే కంపు. తిన్నది తిన్నట్టు కక్కుకునేవాడు.

వాన పడుతున్న ఓ సాయంత్రం, కరెంటు లేని షాపులోకి వచ్చి గడ్డం గీయమని కూర్చున్నాడు. మంగలి కొవ్వొత్తి వెలిగించాడు. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. నురగ పూశాడు. అది జిగురులా సాగింది... పులిసిన మైదా వాసన... కత్తి పెట్టాడు. తెగడానికి వెంట్రుక లేదు. కత్తి కీచుమంది. అంచు మీద నల్లటి పొడి...

"గడ్డం మొలవడం ఎప్పుడు మానేసింది, బావమరిదీ?" గొంతు తగ్గించి అడిగాడు మంగలి.

"గిల్లుకున్నా తెలియడం లేదు." పెదవులు సరిగా కదల్లేదు.

"ఆవిడ ఫొటో ఆవిడకి ఇచ్చెయ్."

"ఎక్కడుందని ఇవ్వను?"

సగం నురగతో, ఆ వానలోనే ఆవిడ ఇంటికి పరిగెత్తి కాళ్ల మీద పడ్డాడు. ఆవిడ దీపం ఎత్తి అతని మొహంలోకి చూసింది. మొదటిసారి.

"ఫొటో ఏది నాయనా?"

అతను ఖాళీ చేతులు చాపాడు.

"రోజూ చూసుకుంటేనే వాడు గుర్తుండేవాడు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే... నువ్వే కనబడుతున్నావు."

తలుపు వేసుకుంది. ఆ ముక్క ఆవిడే తర్వాత మంగలికి చెప్పింది.

తెల్లారి పక్క మీద ఉన్నదాన్ని చూసి పెళ్లానికి అరుపు కూడా రాలేదట. కళ్లు లేవు. ముక్కు లేదు. నోరు లేదు. ఏటిలో అరిగిన గుండ్రాయిలా... నున్నగా.

డాక్టరు చర్మవ్యాధి అని రాశాడు. చర్మవ్యాధికి ముక్కు ఊడిపోతుందా? చదువుకున్నవాడు రాశాడు కాబట్టి అదే నిజమై కూర్చుంది.

ఇప్పుడు మంగలి జనం లేవకముందే నిచ్చెన వేసుకుని విగ్రహం ఎక్కుతున్నాడు. ఎందుకంటే గడ్డం గీయడానికన్నాడు. నన్ను వెక్కిరిస్తున్నావా అని నేనంటే, ఓ వేకువజామున నన్నూ ఎక్కించాడు. రాతి గడ్డం మీద ఉమ్ము అట్టలు కట్టి ఉంది. మంగలి దాన్ని గీకాడు. కింద... వెంట్రుకలు. నల్లగా, ముళ్లలా, నా వేలికి గుచ్చుకున్నాయి. గీస్తే మళ్లీ మొలుస్తున్నాయట.

ఉమ్మేవాళ్లు ఉమ్ముతూనే ఉన్నారు. ఆ తల్లి కాళ్లు తుడవడానికి రావడం మానేసింది. పైవాళ్లతో మాటలాడగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ మొహం ఫైరింజను మనిషిది కాదని కింద పలక మీద చెక్కించండి. వీలైతే ఆ మొహాన్నే తీయించండి. కాని పనికి వచ్చినవాణ్ణి, ఉలి పెట్టే ముందు, ఆ చెంప మీద ఒకసారి చెయ్యి వేసి చూడమనండి.