మూడు స్వరాల తేడా

చీఫ్ బ్రీఫింగ్ అంటే టీ చల్లారేలోగా అయిపోవాలి. ఆ రోజు మాత్రం ఆయన కప్పు ముట్టుకోకుండా చాలాసేపు కూర్చున్నాడు.

ఎదురుగా ఉన్న ఏజెంట్‌ని ఆఫీసులో అందరూ మాస్టారు అంటారు. చూడ్డానికి అచ్చం బడిపంతులే. ఆ వాలకమే అతని ఆయుధం.

చివరికి చీఫ్ ముక్తసరిగా చెప్పాడు. ఒక ల్యాబ్‌లో జన్యువుల్ని సంగీతంగా మారుస్తారు. డీఎన్ఏ అక్షరాల వరుసని కంప్యూటర్ చదివి, ఒక్కో గుంపుకి ఒక్కో స్వరం కేటాయిస్తుంది. చనిపోయిన పేషెంట్ల రక్తంతో అలా పాట కట్టి ఇంటివాళ్లకి ఇస్తుంటారు. ఒక విదేశీ ముఠా ప్రాణాంతకమైన వైరస్ జన్యుక్రమాన్ని దొంగిలించి, అలాంటి ఒక పాటలో కలిపి, రేడియోలో దేశం దాటించేసింది. అసలు పాట దొరికితే చాలు, దాన్ని తీసేసి వైరస్‌ని విడదీసుకుంటారు. ల్యాబ్ కాపీని అక్కడే పనిచేసే మన మనిషి చెరిపేసింది. మిగిలింది ఒక్కటే.

"ఎవరి దగ్గర?"

"మీ దగ్గరే మాస్టారూ. మీ ఆవిడ పాట."

చీఫ్ తన టీ కప్పుని మెల్లగా అతని వైపు జరిపాడు.

మన మనిషి కోడ్‌నేమ్ కోయిల. ముఠా ఆమెని తమ మనిషే అనుకుంటోంది. ఆమె ఎక్కితే లిఫ్ట్‌లో మగాళ్లు దిగాల్సిన ఫ్లోర్ మరిచిపోతారు. ఆ పాట కట్టింది కూడా ఆమే. మాస్టారి భార్యని అక్కా అని పిలిచేది.

సేఫ్‌హౌస్‌లో అతని చేతినుంచి రక్తం తీస్తూ ప్లాన్ వివరించింది. మనుషులందరి జన్యువులూ దాదాపు ఒకటే. అతని రక్తంతో కట్టిన పాటకీ, అక్క పాటకీ తేడా మూడు స్వరాలే. దీన్నే అక్క పాటగా అందిస్తే ముఠా చెవికి ఆ తేడా ఆనదు. కానీ ఆ తేడాతో వాళ్లు విడదీసే వైరస్ బతకదు.

"మరి అసలుది?"

"ఉంటే ఎప్పటికైనా ప్రమాదమే, బావగారూ."

లైటర్‌లాంటి పరికరం టేబుల్ మీద పెట్టింది. నొక్కితే అక్క పాట ఉన్న మెమరీ చిప్ ఖాళీ అయిపోతుంది. ఒక్కసారి వినమని చెప్పి, హైహీల్స్ విప్పి చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా బయటికి నడిచింది.

అతను విన్నాడు. నొక్కాడు.

మర్నాడు రికార్డింగ్ స్టూడియోకి వెళ్లడానికి మాస్టారికి మారువేషం అక్కర్లేకపోయింది. భార్య పాటలో గరగర పోగొట్టించుకోడానికి వచ్చిన అమాయకుడని కోయిల ముందే ముఠాని నమ్మించింది. అక్కడ సౌండ్ ఇంజినీరుగా కూర్చున్నవాడు ముఠా మనిషి. రేడియో ప్రసారాన్ని వందసార్లు విన్నవాడు. మాస్టారు తెచ్చిన కొత్త పాట చిప్ పెట్టి స్పీకర్ ఆన్ చేశాడు.

కొంతసేపటికి భృకుటి ముడిపడింది. వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. ఒక చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది. ఒక్క మెసేజ్ వెళితే కోయిల ప్రాణాలతో ఉండదు.

సరిగ్గా ఆ చోటే భార్య పాట పైకి లేచేది. ఇతని పాట కిందికి దిగింది. ఇల్లంతా వెతికినా ఆమె లేదని మొదటిసారి తెలిసినట్టయింది మాస్టారికి. కళ్లజోడు తీశాడు. తుడుచుకోడానికి రుమాలు దొరకలేదు.

ఇంజినీరు ఆ కన్నీళ్లనే చూస్తూ ఉండిపోయాడు.

"మీ ఆవిడదేనా?"

"నేనూ తనూ ఒకటే అనుకునేవాణ్ణండీ."

చెయ్యి ఫోన్ మీంచి పక్కకి వచ్చింది. ఫైల్ సరిహద్దు దాటింది.

ముఠా ల్యాబ్‌లో వైరస్ పుట్టకుండానే చచ్చింది. నువ్వు మోసం చేశావంటే నువ్వని వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. పారిపోబోతున్న ఇంజినీరు ఎయిర్‌పోర్ట్‌లో దొరికాడు.

"కాపీలన్నీ పోయినట్టేనా?" ఫైలు ముందు పెట్టుకుని అడిగాడు చీఫ్.

"పోయాయి సార్."

మాస్టారు బయటికి నడిచాడు. కారిడార్‌లో తనకి తెలియకుండానే కూనిరాగం తీస్తున్నాడు. ఆ మూడు చోట్లా గొంతు కిందికి దిగలేదు, పైకే లేచింది.

చీఫ్ అంతా విన్నాడు. ‘కాపీలు లేవు’ అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత చలికాలమని కూడా చూడకుండా ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో పెట్టాడు, ఆ చప్పుడులో ఇంకెవరికీ ఏమీ వినబడకుండా.