వెర్లీన్ దాచిన సెలవు

కోళ్ళ ఫ్యాక్టరీలో రోజంతా కోడి రెక్కలు ముక్కలు చేసే వెర్లీన్, పదకొండేళ్ళుగా ఆ పనిలో తన రెక్కలూ ముక్కలు చేసుకుంటూనే ఉంది. ఆ ఉదయం కూడా ఎప్పటిలాగే ఐదున్నరకి భోజనం డబ్బా మూత బిగించింది. ఎప్పటిలా లేనిదల్లా వంటింటి బల్ల దగ్గర కూర్చున్న కొడుకు కోల్బీ. సైన్యం వాడికి పదిహేను రోజులు సెలవిచ్చి అమెరికాకి, ఆర్కాన్సాలోని ఇంటికి పంపింది. ఇది ఆరో రోజు.

"అమ్మా, ఇవాళ కూడా డ్యూటీకేనా?"

"రొట్టెలు ఓవెన్లో ఉన్నాయి. నాన్నకి గ్రేవీ తక్కువ వెయ్యి. డాక్టరు ఉప్పు మానమన్నాడు."

"డ్యూటీ గురించి అడిగితే డాక్టరు గురించి చెబుతావేం?"

వెర్లీన్ భర్త హార్లన్ కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. పాతికేళ్ళు లారీ నడిపి, మోకాలు పోయి లారీ దిగాడు గానీ, గొంతులోంచి హారను మాత్రం దిగలేదు.

"వెళ్ళనీరా. మీ అమ్మకి నీకంటే ఆ కోళ్ళే నయం. వాటికి తల ఉండదు, ఎదురు మాట్లాడవు."

"పొద్దున్నే మొదలెట్టకు హార్లన్."

"కొడుకు యుద్ధభూమి నుంచి సెలవు మీదొస్తే తల్లి ఇంట్లో ఉండొచ్చు, జీతం రాదు గానీ ఉద్యోగం పోదు, చట్టమే ఉంది అని చెప్పింది నువ్వేగా? మరి పెట్టవేం?"

"ఏడాదికి పన్నెండు వారాలే ఇస్తారు. దాస్తున్నాను."

"దేనికి? దోసకాయల్లా సీసాలో ఊరబెట్టడానికా?"

కొడుకు ముందు చెప్పకూడదనుకున్న మాట వెర్లీన్ నోటి నుంచి జారిపోయింది. "వాడు దెబ్బలు తినొస్తే మంచం పక్కన ఎవరు కూర్చుంటారు? నువ్వా? కుర్చీలోంచి లేవడానికే ఇంకొకళ్ళ మోకాళ్ళు అరువు కావాలి నీకు."

కోల్బీ నవ్వేశాడు.

"బాగుందమ్మా. నిక్షేపంలా ఉన్నవాడికి ఒక్క పూట లేదు, దెబ్బతిన్నవాడికి పన్నెండు వారాలు. దెబ్బ తినే వస్తాలే."

"అలాంటి మాటలు అనకు."

"నీతో చెరువుకి పోదామనుకున్నాను. క్యాట్‌ఫిష్ బాగా పడుతున్నాయట."

"ఆదివారం పోదాంరా."

ఆదివారం వాన పడింది. పదిహేనో రోజున వాణ్ణి విమానాశ్రయంలో దింపింది హార్లన్. సెలవు పెట్టని తల్లికి కొడుకు దగ్గర సెలవు తీసుకోవడమూ కుదరలేదు.

నాలుగు నెలలకి ఫోనొచ్చింది. సైనిక వాహనం బోల్తా పడి కోల్బీ తలకి పెద్ద దెబ్బ తగిలిందట. మర్నాడు వెర్లీన్, ఏప్రన్ కూడా విప్పకుండా, ఫ్యాక్టరీ ఆఫీసులో సెలవులు చూసే నోరీన్ ముందు నిలబడింది.

"నా పన్నెండు వారాలూ కావాలండీ. ఒక్క రోజు కూడా ముట్టుకోలేదు." గొంతులో కాస్త గర్వం కూడా ఉంది, పాపం.

నోరీన్ కాగితాలు తీసింది. "గాయపడ్డ సైనికుణ్ణి చూసుకోడానికి ఇరవై ఆరు వారాలు ఇస్తారు వెర్లీన్ గారూ. అది వేరే సెలవు."

"వేరేనా?"

"వేరే. అప్పుడు మీ అబ్బాయి వచ్చినప్పుడు ఆ పదిహేను రోజులూ మీరు ఇంట్లో ఉన్నా ఇందులో ఒక్క పూట కూడా తగ్గేది కాదు. గడియారం పక్కన నోటీసులో ఉంది కదా."

హాజరు వేసే పంచింగ్ గడియారం పక్కన ఆ నోటీసు నిజంగానే ఉంది. పన్నెండు వారాలన్న పై సగం వెర్లీన్‌కి నోటికొచ్చు. కింది సగం మీద, ఎప్పటిదో, బేస్‌బాల్ జట్టులో చేరేవాళ్ళ పేర్ల కాగితం అంటించి ఉంది. వెర్లీన్ గోటితో దాన్ని ఒలిచింది. ఇరవై ఆరు అన్న అంకె ఎంత పెద్దగా వేశారో.

ఇంటికెళ్ళి హార్లన్‌కి చెప్పేసింది. "నువ్వు తిట్టిందే నిజం. దాచక్కర్లేదట. అనాల్సింది అను."

హారను మోగలేదు. హార్లన్ కర్ర గోడకి ఆనించి, ఆమె పక్కన కూర్చుని, చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. కోళ్ళ చలిగదిలో బిగుసుకుపోయిన వేళ్ళు, పూర్తిగా తెరుచుకోవు.

"నాకూ చదువొచ్చుగా," అన్నాడు. "అరిచాను గానీ, ఒక్కసారైనా వచ్చి ఆ నోటీసు చదవలేదు."

ఆస్పత్రి నుంచి కోల్బీ ఇంటికొచ్చాడు. అమ్మా నాన్నా, ఇల్లూ, తన కప్పూ అన్నీ గుర్తున్నాయి. రోజులే నిలవడం లేదు. ఏ పొద్దు లేచినా వాడికి అది సెలవులో ఆరో రోజే. అదెప్పుడో అయిపోయిందని హార్లన్ మొదట్లో చెప్పి చూశాడు. విన్న ప్రతిసారీ వాడి మొహం పడిపోతుంటే మానేశాడు.

ఇరవై ఆరు వారాల సెలవులో ఇది తొమ్మిదో వారం. పొద్దున్నే కోల్బీ గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చి, బల్ల దగ్గర కూర్చున్నాడు.

"అమ్మా, ఇవాళ కూడా డ్యూటీకేనా?"

"లేదురా. సెలవు పెట్టాను."

వాడి మొహం వెలిగింది. "నిజంగానా? మొత్తం రోజంతా?"

"మొత్తం రోజంతా."

"అయితే చెరువుకి పోదామా?"

"గాలాలు రాత్రే కార్లో పెట్టేశానురా," అన్నాడు హార్లన్. నిన్నా అదే మాటన్నాడు, మొన్నా అదే.

రొట్టెలు తీయడానికని వెర్లీన్ ఓవెన్ వైపు తిరిగింది. ఆ సెగకి మొహం ఆరేదాకా అలాగే వంగి ఉండిపోయింది.