లోకనాథన్ మామ మూయని సెషన్

పిల్లలూ, ఇంత దూరంలో పెరుగుతున్న మీకు ఈ కథ ఎవరూ చెప్పి ఉండరు. భయపెట్టాలని కాదు... మీ అముద అత్త నోట విన్నది విన్నట్టు చెప్తాను.

పుదుచ్చేరిలో, సోలై నగర్ పోయే దారిలో ఒక రక్తనిధి. దాని మేడమీది కంప్యూటర్ గదికి చెడ్డపేరు. అప్పటికి నాలుగేళ్ళ కింద, అక్కడి కంప్యూటర్లు చూసుకునే లోకనాథన్ మామ ఆ గదిలోనే, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ తర్వాత రాత్రి రెండు దాటితే అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

ఆయన పనిలోకి కొత్తగా వచ్చిన అముదకి ఒక రాత్రి ఉండక తప్పలేదు. రికార్డులున్న డిస్కు కొనప్రాణంతో ఉంది — టిక్కు... టిక్కు... పన్నెండు వేల మంది రక్తదాతల పేర్లు, గ్రూపులు అందులోనే. పగలంతా డేటాబేసు పనిలో ఉంటుంది. బ్యాకప్, అంటే ఇంకో కాపీ, రాత్రే తీయాలి.

తీసింది. “పూర్తయింది” అని తెర మీద పడింది.

ఇక అక్కడి అలవాటు ప్రకారం, పక్క డిస్కులోని పాత కాపీ చెరిపేయాలి. డేటాబేసులో లాగిన్ అయి తెరిచిన సెషన్‌లోంచి బయటికి రాకుండానే, ఒక ఆశ్చర్యార్థకం కొట్టి మిషన్‌కే ఆజ్ఞ ఇవ్వొచ్చు. మామ పెట్టిపోయిన పద్ధతి అది. అముద ఆజ్ఞ టైపు చేసింది. వేలు ఎంటర్ మీద ఆనింది...

తెర మీద ఒక వరుస దానంతటదే పడింది. తెలుగే — ఇంగ్లీషు అక్షరాల్లో.

“ఉండు పాపా. సైజు చూడు.”

చూసింది. కొత్త కాపీ సైజు... సున్నా. పేరు తప్ప లోపల ఏమీ లేదు.

అప్పుడే టక్కుమని రికార్డుల డిస్కు ఆగిపోయింది. ఇక మిగిలింది ఆ పాత కాపీ ఒక్కటే.

ఇప్పుడు ఎవరెవరు లాగిన్ అయి ఉన్నారని మిషన్‌నే అడిగింది. రెండు పేర్లు వచ్చాయి. అముద. లోకనాథన్ — నాలుగేళ్ళుగా.

పై అధికారి సుధాకరన్‌కి ఫోన్ చేసింది. “అణ్ణా... మామ ఈడనే ఉండాడు.”

“ఏంది పాపా, నిద్దర్లో వాగుతుండావా?” అంతా విని నవ్వాడు. “ఆయన ఎగ్జిట్ కొట్టకుండానే పోయినాడు గదా! సెషన్ అట్లే ఉండిపోయింటది. రాత్రిళ్ళు ఆ మాట పడేట్టు రాసి పెట్టుంటాడు. మమ్మల్ని అందర్నీ అట్లనే సతాయించేవాడు.”

అముద ఊపిరి తీసుకుంది. అంతలోనే ఆగింది.

“అణ్ణా... పోయిన తుపానుకి ఈ మిషన్ మూడు దినాలు ఆగిపోయింది గదా? ఆగినాక ఏ సెషనైనా బతుకుతుందా?”

సుధాకరన్ గొంతు తగ్గించాడు. గుసగుసగా —

“పాపా. నువ్వు కిందికి వచ్చెయ్.”

అముద తన సెషన్ మూసి వచ్చేసింది. ఆయనది మాత్రం ఈనాటికీ ఎవరూ మూయలేదు.

పిల్లలూ, ఈ కథ మీ తర్వాతి వాళ్ళకీ చెప్పండి. ఎంత మరిచినా మామ చెప్పిన ఆ ఒక్క ముక్క వదలకండి — చెరిపే ముందు సైజు చూడమని.