చూసుకునే మనిషి

ఆసుపత్రి కింది అంతస్తులో, మందుల గోదాము పక్కన, కిటికీ లేని గది ఒకటుంది. వేడెక్కిన దుమ్ము వాసనా, చెమ్మగోడల వాసనా కలిసిపోయి ఉంటాయక్కడ. ఆ గదిలో కూర్చుని కంప్యూటర్లన్నీ చక్కబెట్టే ఆవిణ్ణి అందరూ వైరమ్మ అంటారు. మెడలో గొలుసు లేకపోయినా భుజాన వైరు మాత్రం ఉండాల్సిందేనని నర్సుల వేళాకోళం. ఆవిడా నవ్వేసేది. ఆ మధ్యాహ్నం మాత్రం నవ్వే స్థితిలో లేదు, పాపం.

మూడో అంతస్తులో ఆవిడ తమ్ముడు ఊపిరి యంత్రం మీద ఉన్నాడు. బండి మీంచి పడి ఐదు రోజులు. పొద్దున ఆ యంత్రానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించింది ఈవిడే. అప్పట్నుంచీ అది ఉండుండి ఆగుతోంది. మొదట నాలుగు సెకన్లు. తర్వాత పది. ఇప్పుడు అరనిమిషం. ఆసుపత్రిలో ఉన్నవి రెండే యంత్రాలు, రెండోదాని తంతూ అదే. పాత సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కిద్దామంటే ఎక్కట్లేదు. వేరే ఆసుపత్రికి కదిలిస్తే దారిలోనే పోతాడన్నాడు డాక్టరు. నర్సు రబ్బరు సంచి పట్టుకుని చేత్తో గాలి కొడుతోంది. ఎంతసేపని కొడుతుంది?

"నా చేతులారా నేనే చేశాను," అని వైరమ్మ నెత్తి కొట్టుకుంది.

తప్పెక్కడుందో దొరికింది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎంతసేపు ఆగాలో చూసే చిన్న ప్యాకేజీలో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని ఒక ముక్కలో. యంత్రం అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే, "అది మాది కాదమ్మా, ఓపెన్ సోర్స్. ఎవరో రాసి అందరికోసం పెట్టారు, మేమూ వాడుకున్నాం," అని చేతులు దులుపుకున్నారు. మరి చూసుకునేదెవరు? చూసుకునేవాళ్ళ జాబితా అని ఒకటుంది, అందులో ఆరు పేర్లు. ఆరుగురికీ రాసింది. నాలుగు మెయిళ్ళు తిరిగొచ్చాయి. ఐదో మనిషికి చెప్పడం గోడకి చెప్పినట్టే అయింది. ఆరో ఆయన మాత్రం ఫోను నంబరిచ్చాడు. గొంతు వింటే పెద్దాయన.

"నేను వదిలేసి పదేళ్ళయిందమ్మా. ఆ జాబితాని నమ్ముకుంటే నట్టేట మునుగుతారు. తప్పున్న లైను చివరిసారి ముట్టుకున్నదెవరో చూడండి. రాస్తే వాళ్ళకి రాయాలి."

చూసింది. 'కాపలా' అని మారుపేరు. తేదీ నిన్నటిది. ఆ మాటే ఆయనకి చెప్పింది.

పెద్దాయన గుసగుసగా, "కాపలానా... ఆయన పోయి నాలుగేళ్ళు దాటింది. దగ్గరుండి సాగనంపింది నేనే."

"మరి నిన్న..."

"ఆయనకి రాయొద్దు తల్లీ. బతికున్నప్పుడే అంత. దేన్నైనా చూసుకుంటానని ఒప్పుకున్నాడా, ఇక ప్రాణం పోయినా వదలడు."

ఇంతలో గోడమీది స్పీకర్లో పైనుంచి నర్సు గొంతు. "చేతులు పడిపోతున్నాయి వైరమ్మా! ఏదో ఒకటి చెయ్యి!"

దెయ్యమైతే ఏంటి, భూతమైతే ఏంటి? తమ్ముడికంటే ఎక్కువా? ఫోను పెట్టేసి కాపలా పేజీ తెరిచింది. ఫిర్యాదు రాసేచోట ఒకే ఒక్క గడి. పైన, 'దేన్ని చూసుకోవాలి?' అని ఉంది. అక్కడ ప్యాకేజీ పేరు రాయాలి. ఈ పనిలో పండిపోయిన మనిషికి ఆ మాత్రం తెలీదా? తెలుసు. కానీ కళ్ళనిండా నీళ్ళు... వేళ్ళు వాటంతటవే ఆడాయి.

'మా తమ్ముణ్ణి.'

పంపేశాక గానీ ఏం రాసిందో కనపడలేదు. వెనక్కి తీసుకునే దారి లేదు. గదిలో కంప్యూటర్ల ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి... లైట్లు వెలుగుతూనే ఉన్నాయి... చెవి పక్కనే ఎవరో గాలి పీల్చారు...

జవాబొచ్చింది.

'చూసుకుంటాను.'

మూడంతస్తుల మెట్లు ఎలా ఎక్కిందో ఆవిడకే తెలీదు. గుమ్మంలో నర్సు ఎదురై, నవ్వుతూ, ఏడుస్తూ, "బతికించావు! గొట్టం తనే పీకేసుకున్నాడు. సొంతంగా ఊపిరి తీసుకుంటున్నాడు!" అని డాక్టరు కోసం పరిగెత్తింది.

నిజమే. తమ్ముడి ఛాతీ లేస్తోంది, దిగుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాడు. వైరమ్మకి ఏడుపు ఆగలేదు. "నా తండ్రే! నా బంగారమే!" అంటూ మంచం అంచున కూర్చోబోయింది.

"అక్కడ కాదక్కా..." వాడి గొంతు పీలగా ఉంది. "ఆయన కూర్చున్నాడు."

"ఎవర్రా?"

"నువ్వే రాశావటగా..."

పరుపు అంచు కిందికి కుంగి ఉంది. అక్కడెవరూ లేరు. వైరమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుని తనవైపు లాగింది. రాలేదు. బలమంతా పెట్టి లాగింది. రాలేదు...

"వదలమని చెప్పక్కా..."

ఎవరికి చెప్పాలి? ఇంకెవరికి రాయాలి?

వాడి మణికట్టు మీద వేళ్ళ గుర్తులు లోతుగా దిగుతున్నాయి. ఒక్క చేతివే. లెక్కపెట్టింది. నమ్మకం కలక్క మళ్ళీ లెక్కపెట్టింది.

ఏడున్నాయి.