పంచనామాలో లేని మాట

1968 ఫిబ్రవరి 6, మంగళవారం. ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలు. విఠల్ షుగర్ మిల్లు ల్యాబొరేటరీ గోడ మీది థర్మామీటర్ పదమూడు డిగ్రీలు చూపుతోంది. గాలి లేదు. బోధన్–వర్ని రోడ్డు మీద పొగమంచు మోకాలెత్తున నిలిచి ఉంది. మిల్లు పొగ పైకి పోలేక అందులోనే కలిసిపోతోంది.

ఆ సమయానికి, కుక్కల కెన్నెల్ ముందున్న గుంజకు కట్టిన గొలుసు చివర, సీజర్ చచ్చి పడి ఉంది.

సీజర్ మిల్లు కాపలా విభాగం పెంచిన అల్సేషన్. వయసు మూడేళ్లు దాటింది. సికింద్రాబాద్‌లో ఏటా జరిగే దక్కన్ శ్వాన పోటీల్లో రెండు కప్పులు గెలిచింది. ఒకటి వాసన పట్టడంలో. రెండోది పరాయి చేతి తిండి ముట్టకపోవడంలో. ఈ ఏటి పోటీ వచ్చే ఆదివారమే.

ఏడు గంటల ఐదు నిమిషాలకు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భోజన్న జీపు దిగాడు. కుక్క చస్తే సర్కిల్ సాబ్ రావడమేమిటని గేటు జవాను నోరు వెళ్లబెట్టాడు. అందుకు కారణం భోజన్న జేబులో నాలుగు మడతల కాగితంగా ఉంది.

కిందటేడు జనవరిలో సిద్దిరాములు అనే చెరుకుతోట కాపలాదారును ఎవరో గొడ్డలితో నరికి చంపారు. దగ్గరలో పోలీసు కుక్క లేదు. భోజన్న ఈ మిల్లు నుంచి సీజర్‌ను అడిగి తీసుకుపోయాడు. చంపినవాడు పట్టుకున్న గొడ్డలి కామ వాసన చూపించాడు. వరుసగా నిలబెట్టిన తొమ్మిది మంది కూలీలలో సీజర్ ముత్తన్న అనే వాడి మీదికి ఉరికింది. సిద్దిరాములుతో నీళ్ల దగ్గర తగవు పడినవాడు కూడా అతడే. రెండో రోజు సాయంత్రానికి ముత్తన్న నేరం ఒప్పుకున్నాడు. ఎట్లా ఒప్పుకున్నాడో భోజన్నకు తెలుసు.

సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. ఇప్పుడు అప్పీలు నడుస్తోంది. ఆ కుక్కను కోర్టు ఎదుట మళ్లీ పరీక్షించాలని ముత్తన్న వకీలు అడిగాడు. పై కోర్టు సరేనంది. తేదీ ఫిబ్రవరి 19. భోజన్న జేబులోది ఆ ఉత్తరువు.

ముత్తన్నకు మిగిలిన ఆశ ఆ పరీక్ష ఒక్కటే. పరీక్షకు పోవలసిన కుక్క నాలుగు కాళ్లూ బిగదీసుకుని నేల మీద ఉంది.

భోజన్న వంగి చూశాడు. మూతి నిండా నురగ. కిరసనాయిలును తలపించే ఘాటు. ఎండ్రిన్. చెరుకు పురుగుకు కొట్టే మందు. చుట్టుపక్కల రైతుల ఇళ్లలో చూరుకు కట్టిన సీసాలో ఉండేది. మూతి దగ్గర చీమల బారు. చక్కెర మిల్లులో చీమలు లేని చోటేది? భోజన్న వాటిని దాటి లేచాడు.

కాపలా విభాగం ఆఫీసర్ లక్ష్మీరాజం అప్పటికే తీర్పు చెప్పేశాడు.

"ఇంటి దొంగ పనే సాబ్. పోటీల జడ్జి స్వయంగ మటన్ వెడితే మొఖం తిప్పుకున్న కుక్క ఇది. ఒక్క జీవరాజు చెయ్యి తప్ప ఇంకెవ్వని చెయ్యి ముట్టదు. నేను వెట్టినా ముట్టదు."

"జీవరాజు ఎందుకు చంపుతాడు?"

"కోర్టుల కుక్క ఫెయిలైతే ఇజ్జత్ ఎవ్వనిది పోతది సాబ్?"

జీవరాజు కుక్క పక్కనే గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ల మనిషి. మెథడిస్టు చర్చిలో ఆదివారం గంట కొట్టేది అతడే. సీజర్‌ను పిల్లగా ఉన్నప్పటి నుంచి సాకిందీ అతడే.

"ఎన్ని గంటలకు బయట కట్టేశావు?"

"ఐదూ పదికి సార్. కెన్నెల్ కడిగి, ప్రార్థన చేసుకొని, పాలకు పోయిన."

"తిరిగి వచ్చింది?"

"ఐదూ నలభై ఐదుకు. అప్పటికే గిలగిల కొట్టుకుంటున్నది. నన్ను సూసి తోక ఊపింది సార్." అతడు కుక్క మెడ పట్టీ సవరించాడు. "గంత నొప్పిల గూడ ఊపింది."

"నువ్వేం పెట్టావు?"

"ఏం వెట్టలె. బైబిలు మీద చెయ్యి వెట్టి చెప్తా."

రెండో హ్యాండ్లర్ లింబయ్య గోడకు ఆనుకుని బీడీ నలుపుతున్నాడు. సీజర్ లేకపోతే పోటీకి పోయేది అతని కుక్క రాకీ.

"నీకు లాభమే కదా, లింబయ్యా?"

"ఏం లాభం సార్? నా రాకీకి కప్పు రావాలంటే సీజర్ ఒక్కటి సస్తె సాలదు. పోటీకొచ్చిన కుక్కలన్ని సావాలె." నవ్వబోయి, జీవరాజు ముఖం చూసి మానుకున్నాడు. "నేను ఐదు నుంచి ఆరు దాంక రాకీని పట్టుకొని కాల్వ గట్టు మీద ఉన్న. కాల్వ నీళ్లు ఇడిసే లష్కరు సూసిండు. అడుగుండ్రి."

భోజన్న అడిగించాడు. నిజమే.

ఎనిమిది నలభైకి మంచు విడిచింది. ఎండ నేలకు తాకింది. భోజన్న మళ్లీ కుక్క దగ్గరికి వచ్చాడు. అప్పుడు చూశాడు. చీమల బారులో ముందున్నవి కదలడం లేదు. సీజర్ మూతి చుట్టూ జానెడు మేర చీమలు కుప్పగా చచ్చి ఉన్నాయి. వెనకవి వాటి మీది నుంచి ఎక్కి వస్తున్నాయి. వచ్చి అవీ చస్తున్నాయి.

విషమని తెలిసినా వదలలేనంత ఇష్టమైనదేదో అక్కడ ఉంది.

చీపురుపుల్లతో కుక్క పెదవి ఎత్తాడు. పళ్ల సందున గోధుమ రంగు జిగురు. మాంసం కాదు.

"జీవరాజూ, పోటీలో దీనికి ఏమేం పెట్టి చూశారు?"

"మటన్ సార్. బిస్కెట్లు. ఉడకవెట్టిన గుడ్డు."

"బెల్లం?"

జీవరాజు తలెత్తలేదు. మిల్లు సైరన్ తొమ్మిది కొట్టింది.

"బెల్లం ఎవ్వలు వెడతరు సార్ కుక్కకు," అని లింబయ్య గొణిగాడు.

"నేను వెట్టిన," అన్నాడు జీవరాజు. "అరవై ఐదుల. ఇది ఐదు నెలల పిల్ల. ట్రైనింగ్ మొదలువెట్టిన వారానికే శ్రమదినాలు వచ్చినయి. ఈస్టర్ దాంక మా ఇంట్ల మాంసం వండరు. మా అమ్మ జ్ఞానమ్మ నన్ను ముట్టనియ్యలె. ప్రభువు నలభై దినాలు ఉపాసముంటే నువ్వు పొద్దు పొద్దున మాంసం కోస్తవారా అన్నది. ట్రైనింగ్ ఆపితే పిల్ల చెడుతది. అందుకే మాంసం బదులు బెల్లం వెట్టిన."

"ఎవరి చేతి నుంచి?"

"చేతి నుంచి కాదు సార్. దొంగ లెక్క దాసుకున్నోని రొండిల వెట్టేది." పంచె నడుముకు చెక్కే మడతను చూపించాడు. "ఇది వాసన పట్టుకుంట పోయి, వాని రొండిల ముక్కు వెట్టి తినేది. అట్లయితె ఉరుకుతదని. ఈస్టర్ కాంగనే బంద్ వెట్టిన. అప్పటి నుంచి మటనే. మరిచిపోయిందనుకున్న."

"కుక్క మరిచిపోలేదు," అన్నాడు భోజన్న.

కిందటేటి ఆ వరుస అతని కళ్లముందు నిలిచింది. తొమ్మిది మంది కూలీలు. జనవరి ఎండ. ముత్తన్న మీదికి ఉరికిన సీజర్. వెనక నుంచి ఒక ముసలమ్మ అరుపు. ఆ అరుపులో ఏముందో ఇన్నాళ్లకు గుర్తుకొచ్చింది. ఆ రోజు పంచనామా రాసేవాడు తలెత్తి, "ఇది కూడా రాయాలా సార్?" అని అడిగాడు. "అక్కరలేదు," అన్నది తానే.

"ఐదూ పది నుంచి ఐదూ నలభై ఐదు వరకు ఈ వాకిట్లో ఎవరున్నారు?"

"ఎవ్వలు లేరు సార్," అన్నాడు లింబయ్య. "పిప్పి ఊడ్సే ముసలామె తప్ప. రాములవ్వ. కొత్తగ వచ్చింది. నెల గూడ కాలె."

ముత్తన్న తల్లి పేరు రాములవ్వ.

పది గంటలకు అందరినీ కెన్నెల్ ముందు కూర్చోబెట్టాడు. రాములవ్వ చీపురు చేత్తో పట్టుకునే వచ్చింది. కొంగుకు చెరుకు పిప్పి అంటుకుని ఉంది. లక్ష్మీరాజం ఆమెను చూసి, "దీన్నెందుకు పిలిచిండ్రు సాబ్?" అన్నాడు.

భోజన్న మెల్లగా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

"తిండి ముట్టని కుక్క అని కప్పు ఇచ్చారు. కాబట్టి పెంచినవాడే చంపాడని మనమంతా అనుకున్నాం. కానీ కప్పు ఇచ్చినవాళ్లు మాంసం పెట్టి చూశారు, బిస్కెట్లు పెట్టి చూశారు. బెల్లం పెట్టి చూసినవాళ్లు లేరు. సికింద్రాబాద్ మైదానంలో బెల్లం ఉండదు. అందుకే అక్కడ సీజర్ ఎప్పుడూ తప్పలేదు. మన ఊళ్లలో చెరుకు నరికే రోజుల్లో ప్రతి గుడిసెలో బెల్లమే. సీజర్ బెల్లం తింటుందని తెలిసిన మనిషి జీవరాజు కాకుండా ఇంకొక్కరే. అవ్వా, ఆ రోజు నువ్వు ఏమని అరిచావు?"

రాములవ్వ అతని వైపు సూటిగా చూసింది.

"నీకు యాది లేదా సారూ? కుక్క నా కొడుకు రొండిల బెల్లం పెళ్ల తింటున్నది, సూడుండ్రి, సూడుండ్రి అని మొత్తుకున్న. నీ జవాను నన్ను నూకిండు."

"ఈ పొద్దు బెల్లంలో మందు కలిపింది నువ్వేనా?"

"నేనే. ఐదు గొట్టినంక కొంచెం సేపటికి. చెయ్యి సాపంగనే తిన్నది. పిచ్చి ముండ, చెయ్యి గూడ నాకింది." చీపురు నేల మీద పెట్టింది. "నా కొడుకు జైల్ల. ఇది జీపుల, మెడల దండేసుకొని."

"కుక్కను కోర్టుకు తీసుకుపోతారని వకీలు చెప్పలేదా?"

"చెప్పిండు. మళ్ల అడుగుతరట అన్నడు. మళ్ల నా కొడుకునే సూపెడితే? ఒకపారి సూపెడితే బతుకంత జైలు అన్నరు. రెండోపారి సూపెడితే ఉరి ఏస్తరేమో అని పాణం కొట్టుకున్నది సారూ. అందుకే పిప్పి ఊడ్సే పనికొచ్చిన."

జీవరాజు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

అసలు సంగతి భోజన్న ఆమెకు చెప్పకుండా ఉండవచ్చు. కానీ ఒకసారి అక్కరలేదన్న మనిషి రెండోసారి అనలేకపోయాడు.

"అవ్వా, ఆ రోజు కుక్క మనిషిని పట్టలేదు. బెల్లాన్ని పట్టింది. కోర్టులో నీ కొడుకు రొండిలో బెల్లం ఉండదు. సీజర్ అతని దగ్గరికి వచ్చేది కాదు. జడ్జి కళ్లారా చూసేవాడు."

రాములవ్వకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమైన తర్వాత ఆమె ఏడవలేదు. చచ్చిన కుక్క దగ్గరికి పోయి, దాని తల మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

"ఆ బెల్లం నేనే తెమ్మన్న సారూ. నోరు శేదుగున్నది బిడ్డా, ఇంత పెళ్ల తే అన్న. నా కోసమే రొండిల వెట్టుకున్నడు." మళ్లీ, చాలా నెమ్మదిగా: "అయితే రాయి. కుక్క నా చేతిల బెల్లం తిన్నదని రాయి. నన్ను జైల్ల ఏసుకో. వాన్ని ఇడువు."

భోజన్న రాశాడు. ఈసారి ఒక్క మాట వదలలేదు. కిందటేటి పంచనామాలో ముసలమ్మ చెప్పిన మాటను తానే రాయించలేదన్నది కూడా రాసి, సంతకం చేసి, టైము వేశాడు. పదకొండు గంటల పది నిమిషాలు.

"సాబ్, ఇది రాస్తే మీ నౌకరీ..." అన్నాడు లక్ష్మీరాజం.

భోజన్న సిరాబుడ్డి మూత బిగించాడు. తన నౌకరీతో తీరేదైతే బాగుండునని అతనికి అనిపించింది.

ఫిబ్రవరి 19న పై కోర్టులో కుక్క ఏదని అడిగారు. చచ్చిపోయిందన్నారు. ఎవరు చంపారు? ముద్దాయి తల్లి. పరీక్షలో కొడుకు నేరం మళ్లీ రుజువవుతుందన్న భయంతో చంపానని ఆమె స్వయంగా చెప్పింది. కొడుకు మీద నమ్మకముంటే తల్లికి ఆ భయమెందుకని ప్రభుత్వ వకీలు అడిగాడు. భోజన్న రాసిచ్చింది చదివారు. దాని పక్కనే ముత్తన్న ఒప్పుకోలు గురించి అదే భోజన్న కింది కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం ఉంది. రెండూ ఒకే చేతి సంతకాలు. ముందు ప్రమాణం చేసి చెప్పిందే నమ్మదగినదని అప్పీలు కొట్టేశారు.

కుక్కను చంపినందుకు రాములవ్వకు మూడు నెలల శిక్ష పడింది. సిద్దిరాములును అసలు చంపినవాడు దొరకలేదు. ముత్తన్న 1971 ఆగస్టులో జైలు ఆస్పత్రిలో క్షయతో చనిపోయాడు.

1973 నుంచి దక్కన్ శ్వాన పోటీల్లో, తిండి ముట్టని కుక్కల పరీక్షకు, జడ్జి పళ్లెంలో మాంసం, బిస్కెట్ల పక్కన ఒక బెల్లం ముక్క కూడా పెడుతున్నారు.